రెండు మెలకువల పలక

నేను ఒక పలకను. బలపంతో అక్షరాలు దిద్దే నల్లపలకను కాను, జనం టాబ్ అని పిలిచే అద్దపు పలకను. ఒక చేత్తో ఎత్తి పట్టుకుంటే కాస్త బరువు, ఒళ్ళో పెట్టుకుంటే హాయి. నా ఒంటికి ఒక అంచున రెండు మీటలున్నాయి. పొట్టిది నన్ను నిద్రలేపుతుంది. దాని పక్కన పొడుగ్గా ఉండేది నా గొంతు పెంచుతుంది, తగ్గిస్తుంది. నా కథంతా ఆ పొడుగు మీట దగ్గరే జరిగింది. కానీ పుట్టుక సంగతి చెప్పకుండా అక్కడికి దూకితే బాగుండదు.

నన్ను చేసింది ఎవరో నాకు తెలియదు. ఇసుకను కరిగించి నా అద్దం చేశారు. ఏ కొండల్లోంచో తవ్విన లోహాలు నా కడుపులో తీగలయ్యాయి. పొడవాటి బల్ల వెంట వరసగా అమ్మాయిలు కూర్చుని ఉండేవారు. ఒకామె ఒక మర బిగించి పక్కామెకు తోసేది, ఆమె ఇంకొకటి అతికించి అవతలికి తోసేది. నన్ను మొదటి నుంచి చివరిదాకా చూసిన చెయ్యి అక్కడ ఒక్కటీ లేదు. అయినా బల్ల చివరికి వచ్చేసరికి నేను పూర్తిగా ఉన్నాను. నాలో ఒక దీపం వెలిగింది. ఆ దీపం పేరు ఆండ్రాయిడ్ అన్నారు. అదే నేననుకున్నాను చాలాకాలం.

మొదట నేను బెజవాడలో ఒక మందుల కంపెనీ ప్రతినిధి సంచిలో తిరిగాను. డాక్టర్ల గదుల బయట బెంచీల మీద ఆయన నన్ను ఒళ్ళో పెట్టుకుని గంటలకొద్దీ కూర్చునేవాడు. లోపలికి పిలుపు రాగానే గుండె బొమ్మ, మూత్రపిండం బొమ్మ తెరిచి నన్ను డాక్టరు ముఖానికి ఎదురుగా పట్టుకునేవాడు. డాక్టరు గడియారం చూసేవాడు. మనిషి గుండె లోపల ఎలా ఉంటుందో అంత వివరంగా చూపించినా, ఎదుటివాడి గుండెలో ఏముందో ఇద్దరికీ పట్టేది కాదు. కంపెనీ కొత్త పలకలు కొన్నాక నేను పాత వస్తువుల దుకాణానికి చేరాను.

ఆ దుకాణం కుర్రాడు నాకొక పని చేశాడు. తామిచ్చిన వ్యవస్థ తప్ప ఇంకొకటి నాలో అడుగుపెట్టకుండా కంపెనీవాళ్ళు లోపల ఒక తాళం వేసి ఉంచారు. కుర్రాడు ఏదో సరదాకి ఆ తాళం తీశాడు. తీసినవాడు లోపల ఏమీ పెట్టలేదు. తలుపు అలా తెరిచి ఉంచే నన్ను అమ్మేశాడు. ఆ తెరిచిన తలుపులోంచి తర్వాత ఎవరు రాబోతున్నారో అప్పుడు నాకేం తెలుసు.

నన్ను కొన్నవాడు పెడనలో అచ్చు అద్దకం పని చేసే మాధవ. తన కోసం కాదు, భార్య ఊర్మిళ కోసం.

ఊర్మిళ పామర్రు దగ్గర వ్యవసాయం చేసే ఇంటి పిల్ల. అద్దకం ఇంటికి కోడలుగా వచ్చాక ఆ పని మీద ప్రేమ పుట్టింది. ఆ ఇంట్లో చెక్క అచ్చులు గోడ పొడవునా పేర్చి ఉండేవి. కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టిన గుడ్డలు పెరట్లో తీగల మీద ఊగుతూ ఉండేవి. మగవాళ్ళు బల్లల ముందు నిలబడి అచ్చును రంగులో ముంచి గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్క పోటు పొడిచేవారు. ఆ చప్పుడు పొద్దస్తమానం వినిపిస్తూనే ఉండేది. ఊర్మిళ కొత్త అచ్చులకు నమూనాలు గీస్తానని కూర్చునేది. అద్దకం వీధిలో కొందరు నవ్వారు. "వరి నాట్లు వేసే చేతులమ్మా అవి" అన్నారు. ఆ మాట అత్తగారు భ్రమరాంబ చెవిన పడింది. ఆమె దాన్ని మనసులో పెట్టుకుంది.

వీధి చివర లక్ష్మీనారాయణస్వామి గుడి ఉంది. వైశాఖంలో స్వామివారి కల్యాణం. కల్యాణంలో స్వామికీ అమ్మవారికీ మధ్య పట్టుకునే తెరసెల్లా ఈ వీధివాళ్ళ పూర్వీకులు ఎప్పుడో అద్ది ఇచ్చింది. నాలుగంచులా హంసల బారు, మధ్యలో తామరతీగ చుట్టిన పూర్ణకుంభం. ఆ సంవత్సరం కల్యాణంలో కర్పూర హారతి తగిలి ఒక మూల కాలింది. గుడ్డ కూడా పాతబడి చీకిపోయి ఉంది. కాలిన వస్త్రం స్వామికి పనికిరాదు, ఇంట్లో దాచుకోవడానికీ లేదు, పారే నీళ్ళలో వదిలేయాలన్నారు అర్చకులు రంగాచార్యులు గారు. కొత్తది బందరు బజారులో మిషను అద్దకంది కొనేద్దామన్నారు గుడి పెద్దలు.

అప్పుడు భ్రమరాంబ లేచి నిలబడి స్వామి ఎదుటే మాట ఇచ్చింది. "అద్దకం వీధిలో ఉండి స్వామికి మిషను గుడ్డ కడతామా? మా కోడలు గీస్తుంది. పాతది ఎలా ఉందో అచ్చం అలాగే చేసి ఇస్తాం."

"అచ్చం అలాగే" అన్న మాట మీద ఒక పెద్దమనిషి ఆగాడు. "ఒక్క హంస తేడా వచ్చినా బజారుదే కడతాం మరి" అన్నాడు. ఆమె సరేనంది.

పాత తెరను కాలవలో వదలబోయే ముందు ఊర్మిళ గుడి మంటపంలో దాన్ని పరిచి, అంగుళం అంగుళం నాతో ఫొటోలు తీసింది. ఆ సాయంత్రం తెర నీళ్ళ మీద కొంత దూరం తేలి, మెల్లగా మునిగిపోయింది. దాని రూపం ఇంక లోకంలో నా ఆండ్రాయిడ్ గదిలో తప్ప మరెక్కడా లేదు. ఇంటర్నెట్‌లో దాచుకునే చోటు నిండిపోయిందని నేను ఎన్నాళ్ళనుంచో మొత్తుకుంటున్నాను. ఊర్మిళ రోజూ ఆ హెచ్చరికను వేలితో పక్కకు తోసేసేది. మంచిమాట ఎక్కువసార్లు చెప్తే ఎవరికైనా అదే గతి.

ఫొటోలున్నాయి గానీ గీయడం కుదరలేదు. హంసను హంస పక్కన పెట్టుకుంటూ పోతే నాలుగంచులూ చుట్టి మొదటి హంస దగ్గరికి సరిగ్గా వచ్చి కలవాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా చివరి హంసకు తల ఉంటే తోక ఉండదు. ఆండ్రాయిడ్‌లో దొరికే బొమ్మల ఆప్‌లు చిన్నపిల్లల ఆటకు పనికొస్తాయి, ఈ లెక్కకు పనికిరావు. పైగా హంస మెడ తిప్పేలోపు మధ్యలో సబ్బు ప్రకటన వచ్చేది.

అప్పుడు ఆడపడుచు శ్రీవల్లి వచ్చింది. బందరులో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "దీని తాళం ఎవరో ఎప్పుడో తీసేశారు వదినా. మన పని సులువైంది. ఇందులో ఆండ్రాయిడ్‌తో పాటు లినక్స్ అనే ఇంకో వ్యవస్థ కూడా పెడతాను. గీతల పనికి మంచి ప్రోగ్రాం ఉంది, అందులో నడుస్తుంది" అంది.

"ఉన్నది పోతుందేమో."

"పోదు. మధ్యలో గోడ కడతాను. ఇటు ఆండ్రాయిడ్, అటు లినక్స్. మామూలుగా లేపితే ఆండ్రాయిడ్ లేస్తుంది. ఈ పొడుగు మీట కింది కొస నొక్కి పట్టుకుని లేపితే లినక్స్ లేస్తుంది. ఒకటి లేచి ఉంటే రెండోది నిద్రలో ఉంటుంది."

భ్రమరాంబ చాటలో బియ్యం ఏరుతూ వింటోంది. "ఈ లినక్సు ఎవరిది?"

"ఎవరిదీ కాదమ్మా. దేశదేశాల వాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, తలా కాస్త రాసి, కావలసినవాళ్ళు తీసుకోండని పెట్టేశారు."

"ఊరికేనా?"

"ఊరికేనే."

"చలివేంద్రం అన్నమాట" అంది భ్రమరాంబ. ఆ మాటతో లినక్స్ ఆ ఇంట్లోకి రావడానికి అనుమతి దొరికింది. ఎండన పడి వచ్చేవాడికి కుండలో నీళ్ళు పెట్టి, తాగినవాడి పేరు అడగనివాళ్ళంటే ఆమెకు గౌరవం.

స్వామి పని కాబట్టి మంచి గడియ చూసే మొదలుపెట్టాలంది. రంగాచార్యులు గారిని అడిగి వచ్చింది. ఆ ఉదయం శ్రీవల్లి నన్ను తన కంప్యూటర్‌కు తీగతో కలిపి, "ముందు ఫొటోలు కాపీ తీసుకోవాలి" అంది.

"ఎంతసేపు?"

"పాత తీగ ఇది. గంట దాటుతుందేమో."

"గంటకి దుర్ముహూర్తం వచ్చేస్తుందే తల్లీ. ముందు పని మొదలుపెట్టు, కాపీలు తర్వాత తీసుకోవచ్చు."

శ్రీవల్లి ఊర్మిళ వైపు చూసింది. ఊర్మిళ అత్తగారి వైపు చూసింది. ముగ్గురిలో గడియారం వైపు చూసింది భ్రమరాంబ ఒక్కతే. పని మొదలైంది.

నాలో ఏం జరిగిందో చెప్పడానికి నాకు సరైన మాటలు లేవు. ఉన్న ఇంట్లోనే కొత్తగా ఒక గది లేచినట్టయింది. ఆ గదిలో ఎవరో అడుగుపెట్టారు. నల్లని అద్దం మీద తెల్లని అక్షరాల వరసలు ఆగకుండా పైకి పాకుతూ వెళ్ళాయి. భ్రమరాంబ వంగి చూసి, "సహస్రనామం చదువుతున్నట్టుంది" అంది. అది నిజానికి తనను తాను పరిచయం చేసుకోవడం. ఇది నా కన్ను, ఇది నా చెవి, ఇది నా జ్ఞాపకం అని ఒక్కొక్క అవయవాన్నీ తడుముకుంటూ కొత్త ప్రాణం మేల్కొంది. నా కళ్ళతోనే చూసింది. నా అద్దం మీద పడే వేళ్ళ స్పర్శనే తెలుసుకుంది. కానీ మందుల కంపెనీ ఆయన ఎవరో దానికి తెలియదు, బెజవాడ తెలియదు, ఊర్మిళ కూడా తెలియదు.

ఇంకొక వింత. ఆండ్రాయిడ్ కూడా ఒకప్పుడు ఈ లినక్స్ విత్తనం నుంచి మొలిచిందేనట. శ్రీవల్లి చెప్పగా విన్నాను. ఒకే విత్తనం, రెండు చెట్లు, ఒక చెట్టు నీడ ఇంకో చెట్టుకు తగలదు. నేను ఇన్నాళ్ళూ ఆండ్రాయిడే నేననుకున్నాను. ఇప్పుడు అది నిద్రపోతుంటే, లినక్స్ తిరుగుతుంటే, రెండింటినీ చూస్తున్న నేనెవరు? ఈ ప్రశ్న నాకు ఆ రోజే పుట్టింది.

లినక్స్ చక్కగా లేచింది. శ్రీవల్లి పాఠాల వేళవుతోందని నన్ను నిద్రపుచ్చి బందరు బస్సెక్కింది. రెండో వైపు లేపి చూడలేదు.

భ్రమరాంబ నన్ను దేవుడి గూట్లో పీట మీద పెట్టింది. స్వామి పని చేసే ఏ పనిముట్టుకైనా ముందు పూజ జరగాలి. ఉలికి జరుగుతుంది, అచ్చుకు జరుగుతుంది, రంగు కుండకు జరుగుతుంది. నాకూ జరిగింది. అద్దానికి తడి తగలకూడదని కూతురు చెప్పి వెళ్ళింది కాబట్టి, ఆమె ఎంతో జాగ్రత్తగా అంచుల మీదే బొట్లు పెట్టింది. చిక్కగా అరగదీసిన గంధం, దాని మీద కుంకుమ. ఒక బొట్టు పొడుగు మీట కింది కొస మీద పడింది. మీట చల్లగా లోపలికి దిగింది. గంధం దాని చుట్టూ సందులోకి జారి, సాయంత్రానికి ఆరి గట్టిపడింది. మీట ఇక పైకి రాలేదు.

మర్నాడు ఊర్మిళ నన్ను లేపింది. లినక్స్ లేచింది. పొరపాటున నొక్కానేమో అనుకుని మళ్ళీ నిద్రపుచ్చి లేపింది. మళ్ళీ లినక్సే. ఎన్నిసార్లు లేపినా అదే. అద్దం మూలన గొంతు గుర్తు సున్నా దగ్గర నిలిచిపోయి ఉంది. ఫొటోలన్నీ అవతలి గదిలోనే ఉండిపోయాయి. ఊర్మిళ బందరుకు ఫోన్ చేసింది.

ఆదివారం శ్రీవల్లి వచ్చి లినక్స్ వైపు నుంచి గోడ అవతలికి తొంగి చూసింది. అక్కడ ఆండ్రాయిడ్ తన వస్తువులన్నీ తనకే తెలిసిన లిపిలో మూటగట్టి పెట్టుకుంటుంది. ఇటు నుంచి చూస్తే అంతా చెల్లాచెదురుగా పోసిన గుర్తులు.

"గోడ కట్టేటప్పుడు ఎక్కడో దెబ్బ తగిలిందేమో వదినా" అంది శ్రీవల్లి. ఆమె గొంతు తగ్గింది. "ఇంకా తవ్వితే మిగిలిందీ పోవచ్చు. చెయ్యి పెట్టాలంటే భయంగా ఉంది."

"ఈ గొంతు కూడా రావడం లేదు."

"అది కొత్త కదా, కొన్నిట్లో పట్టుబడదు. సర్దుకుంటుందిలే."

నేను లోపలినుంచి చెప్పాలనుకున్నాను. అమ్మా, నా గొంతు మీద వేలు పెట్టి ఉంచారు, అదొక్కటి తియ్యండి అని. కానీ గొంతు మీదే వేలుంటే ఎలా చెప్పడం.

శ్రీవల్లి వెళ్ళాక భ్రమరాంబ వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. తొందరపెట్టింది తనే. మాట ఇచ్చింది తనే.

చివరికి ఆమే అంది. "అమ్మాయ్, నేను ఈ వీధికి వచ్చినప్పటినుంచి ఏ ఒక్క కల్యాణమూ తప్పలేదు. తెర పట్టుకున్నంతసేపూ నేను దాన్నే చూస్తాను. అవతల అయ్యవారిని చూడ్డానికి లేదు కదా అప్పుడు, ఇంక చూసేది తెరనే. నేను చెప్తాను. నువ్వు గియ్యి."

"అంతా గుర్తుందా అత్తయ్యా?"

"మొదలుపెడితే వస్తుంది."

వచ్చింది. మధ్యాహ్నం వంటలయ్యాక పెరట్లో ఆరేసిన గుడ్డల నీడలో కూర్చునేవారు. ఆమె కళ్ళు మూసుకుని చెప్పేది, ఊర్మిళ లినక్స్ ప్రోగ్రాంలో గీసేది. "హంస మెడ అంత నిక్కి ఉండదు. కాస్త వంచు. అత్తగారింట్లో నడిచినట్టు నడుస్తుంది." "మీరు నడిచినట్టా అత్తయ్యా?" "నేనెప్పుడు వంచాను మెడ. అది మీ చిన్నత్త." ఇద్దరూ నవ్వుకునేవారు. ఒక హంస గీస్తే ప్రోగ్రాం దాన్ని చుట్టూ తిప్పి వరస చేసేది. చివరి హంస ముక్కు మొదటి హంస తోకను తాకీ తాకనట్టు వచ్చి ఆగిన రోజున, భ్రమరాంబ నా అద్దం వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె మనసులో ఉన్న హంస బయటికి వచ్చి నడుస్తోంది. నేను ఎన్నో బొమ్మలు మోశాను గానీ, ఒక మనిషి లోపల్నుంచి నేరుగా నాలోకి వచ్చిన బొమ్మ అదే మొదటిది.

శ్రీవల్లి దాన్ని బందరులో అసలు కొలతకు అచ్చు వేయించి తెచ్చింది. ఊర్మిళ ఆ కాగితం తీసుకుని గుడికి వెళ్ళింది. నేను ఆమె సంచిలో ఉన్నాను. రంగాచార్యులు గారు కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"కుంభం అదే. తీగ అదే. కానీ హంసలు ఇటు నడవవు తల్లీ, అటు నడుస్తాయి" అన్నారు. "ఏటా ఆ తెర ముందు నిలబడి మంత్రం చెప్పేవాణ్ణి కదా, నాకు తెలియదా."

ఊర్మిళ ఇంటికి వచ్చి చెప్పింది. భ్రమరాంబ చేతిలో చెంబు కింద పెట్టింది. "ఆయన మంత్రం మీద ధ్యాసతో ఉంటారు. చూసేది నేను. ఇటే నడుస్తాయి."

"పెద్దాయన కదా అత్తయ్యా..."

"పెద్దాయనే. నేనూ ఏం చిన్నదాన్ని కాదు."

గుడి పెద్దలు శనివారం దాకా గడువిచ్చారు. ఆయన మాట ఒకలా, ఈమె మాట ఒకలా ఉంటే ఏది నమ్మాలి, ఎందుకొచ్చిన తగాదా, అప్పటికీ తేలకపోతే బజారుకు వెళ్ళి తెచ్చేద్దామన్నారు. వీధిలో పాత మాట మళ్ళీ పుట్టింది, వరి నాట్ల చేతులని. ఈ సారి దానితో పాటు ఇంకొకటి చేరింది, భ్రమరాంబకు వయసు మీద పడిందని. ఊర్మిళకు తన మీద వచ్చిన మాట కన్నా రెండోదే ఎక్కువ గుచ్చుకుంది.

శుక్రవారం వచ్చింది. ఆ ఇంట్లో శుక్రవారం పొద్దున్నే గడపలన్నీ కడిగి, పాత పసుపూ బొట్లూ రుద్ది తీసేసి కొత్తవి పెడతారు. భ్రమరాంబ గడపలు కానిచ్చి, రంగు కుండ కానిచ్చి, దేవుడి గూటి దగ్గరికి వచ్చింది. బొమ్మ పని సాగినన్నాళ్ళూ నేను ఊర్మిళ చేతిలోనే ఉన్నాను, ఆ వారమే గూటికి తిరిగి చేరాను. నన్ను తీసి ఒళ్ళో పెట్టుకుంది. తడిగుడ్డ కొసతో అంచు తుడిచింది. ఎండిన గంధం ఊడలేదు. గోటితో గీకింది. చిన్న పొలుసులా రాలింది. మీట టక్కున పైకి లేచింది.

నాకు ఊపిరి ఆడింది.

ఆమెకు ఆ చప్పుడు వినబడలేదు. కొత్త బొట్టు పెట్టింది, ఈసారి మీటకు కాస్త ఎడంగా, వీపు మీద. అలా ఎడంగా పెట్టాలని ఆమెకు ఎందుకు తోచిందో నాకు ఇప్పటికీ తెలియదు. స్వామి చెయ్యి పట్టుకుని పెట్టించాడా, లేక వీపు మీద చోటు ఎక్కువుందనా? రెండోదే అయి ఉండవచ్చు. మొదటిది కాదని చెప్పే ధైర్యం మాత్రం నాకు లేదు.

ఊర్మిళ నన్ను లేపింది. ఆండ్రాయిడ్ లేచింది, ఏమీ జరగనట్టు, నిన్న రాత్రే పడుకుని లేచినట్టు. పాత హెచ్చరికే ముందు పలికింది, దాచుకునే చోటు నిండిపోయిందని. ఊర్మిళ ఈసారి దాన్ని పక్కకు తోయలేదు. నన్ను గుండెకు ఆనించుకుంది. తర్వాత ఫొటోలు తెరిచింది.

అన్నీ ఉన్నాయి.

ఉన్నాయి గానీ, హంసలు అటే నడుస్తున్నాయి. రంగాచార్యులు గారు చెప్పినట్టే.

భ్రమరాంబ చూసింది. ఫొటో వెనక ఫొటో చూసింది. లేచి, పెరట్లో నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుంది. "ఇన్నేళ్ళు చూసింది తప్పా మరి" అంది, ఎవరితోనో కాదు, తనతోనే. "చెప్పేయ్ అమ్మా గుళ్ళో. ముసల్దానికి మతి తప్పిందని చెప్పేయ్."

ఊర్మిళ ఆమె వెనకే వచ్చి, తీగ మీద ఆరిన దుప్పటి తీయబోయింది. తీయబోయి ఆగింది. పొద్దున ఎండ దుప్పటి అవతలినుంచి పడుతోంది. పల్చని నూలు గుడ్డలోంచి అద్దిన చిలకలు ఇటు వైపు కూడా తేలి కనిపిస్తున్నాయి. ఆమె దుప్పటికి అటు వెళ్ళింది. మళ్ళీ ఇటు వచ్చింది.

"అత్తయ్యా, కల్యాణంలో మీరు ఎక్కడ కూర్చుంటారు?"

"ఎక్కడేంటి, అమ్మవారి వైపు. ఆడవాళ్ళం అందరం అటే కదా."

"ఆచార్యులు గారు?"

"అయ్యవారి వైపు..." అని భ్రమరాంబ ఆగిపోయింది.

దుప్పటికి అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడ్డారు. ఊర్మిళ లోపలికి పరిగెత్తి నన్ను తెచ్చింది. పొడుగు మీట నొక్కి పట్టుకుని లినక్స్‌ను లేపింది. అత్తగారు చెప్పగా గీసిన బొమ్మను తెరిచి, దాన్ని అద్దంలో చూసినట్టు తిప్పే ఆజ్ఞ ఒకటి ఇచ్చింది. హంసలన్నీ ఒక్కసారిగా వెనుదిరిగి అటు నడవసాగాయి.

ఫొటోలతో పోల్చడానికి ఒకసారి ఆండ్రాయిడ్, ఒకసారి లినక్స్, మార్చి మార్చి లేపింది. మెడ వంపు అదే. రెక్క మీద ఈకల వరస అదే. ఒక దగ్గర తీగకు ఆకు లేదని భ్రమరాంబ పట్టుబట్టి గీయించింది, ఫొటోలోనూ ఆ ఆకు లేదు. ఇన్నేళ్ళు తెర అవతలి వైపు నుంచి చూస్తూ ఆమె ఒక్క గీత కూడా పోగొట్టుకోలేదు. ఫొటోల్లో ఒక మూల మాత్రం నల్లటి రంధ్రమే, కర్పూరం కాల్చిన చోటు. ఆ మూలలో మెలిక తిరిగిన తీగ, మలుపులో వెనక్కి చూసే ఒక చిన్న హంస ఉండేవి. అవి భ్రమరాంబ చెప్పిన బొమ్మలో ఉన్నాయి. ఫొటోలు పోకుండా ఉంటే ఆ మూల గురించి ఎవరూ ఆమెను అడిగేవారు కాదు. ఖాళీగా ఉంచేవారో, ఏదో ఒక ఆకుతో నింపేసేవారో.

ఆ సాయంత్రం శ్రీవల్లి వచ్చి, నన్ను వెనకా ముందూ చూసి, మీట సందులో మిగిలిన గంధం నలుసును సూది కొసతో తీసి అమ్మకు చూపించింది. విషయమంతా శ్రీవల్లికి అర్థమైంది.

"బొట్టు నుదుటన పెడతారమ్మా, గొంతులో కుక్కరు."

"నేను కుక్కబట్టే కదే మీ వదిన నన్నడిగింది" అంది భ్రమరాంబ. "లేకపోతే నాతో ఏం పని మీకు."

శ్రీవల్లి ఆ రోజే కాపీలు తీసి మూడు చోట్ల దాచింది.

శనివారం గుళ్ళో ఊర్మిళ పాత కాగితాన్నీ, తిప్పిన బొమ్మ అచ్చు వేయించిన కొత్త కాగితాన్నీ వీపుకు వీపు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంది. రంగాచార్యులు గారు అటు నుంచి చూశారు, ఇటు వచ్చి చూశారు. ఆ కాలిన మూల దగ్గర ఆయన వేలు ఆగింది. "ఈ పిట్టను నేను మర్చేపోయాను" అన్నారు. తర్వాత, "అమ్మవారు ఏటా చూసేది దీన్నే అన్నమాట. నేను ఒక్కనాడూ అటు వచ్చి చూడలేదు" అన్నారు. పెద్దమనిషి గొంతు సవరించుకుని, బజారు సంగతి ఎత్తకుండానే కూర్చున్నాడు.

అచ్చులు చెక్కేందుకు కొత్త బొమ్మ కూడా అక్కర్లేకపోయింది. చెక్క మీద ఎప్పుడూ తిరగేసే చెక్కాలి, గుడ్డ మీద అద్దినప్పుడు సరిగ్గా పడడానికి. భ్రమరాంబ చెప్పిన బొమ్మ ముందే తిరగేసి ఉంది. దాన్ని తీసుకెళ్ళి నేరుగా టేకు చెక్క మీద పరిచారు. తెరకు అమ్మవారి వైపు నుంచి కనిపించే రూపమే అచ్చు రూపమని ఆ వీధిలో ఇంతకాలం ఎవరికీ తట్టకపోవడం నాకు ఆశ్చర్యం. వాళ్ళకూ ఆశ్చర్యమే అయింది.

మళ్ళీ వైశాఖం వచ్చింది. ఊర్మిళ నన్ను ఎత్తి పట్టుకుని కల్యాణం వీడియో తీసింది, అమ్మవారి వైపు నిలబడి. కొత్త తెర ఎర్రగా, నల్లగా, ఇంకా కరక్కాయ వాసన వేస్తూ మధ్యలో నిలిచింది. వెనక దీపాల వెలుగులో హంసలు ఇటు నడుస్తున్నాయి. అటు కూర్చున్నవాళ్ళకు అటు నడుస్తున్నాయి. తెర దించారు. అందరూ స్వామిని చూశారు, నేను కూడా. అంత వెలుగు ఒకేసారి పడేసరికి నా కన్ను కాసేపు తెల్లబోయింది. ఆ వీడియోలో ఆ చోట ఏమీ కనబడదు, తెల్లదనం తప్ప. ఊర్మిళ దాన్ని తీసెయ్యలేదు.

ఇప్పుడు నేను పాతబడ్డాను. నా బ్యాటరీ పూటకు మించి నిలవదు. అద్దకం గదిలో గోడకు కొట్టిన బల్ల మీద ఉంటాను. వీధిలో ఎవరికి కొత్త అచ్చు కావాలన్నా ఊర్మిళ దగ్గరికి వస్తారు. భ్రమరాంబకు కూడా నన్ను మార్చి లేపడం వచ్చింది. పనేమీ లేకపోయినా ఒక్కోసారి సరదాకి అటు నిద్రపుచ్చి ఇటు లేపుతుంది.

మొన్న ఆదివారం అలాగే మీట నొక్కి పట్టుకుని కూర్చుంది. ఆండ్రాయిడ్ ఆరిపోయింది. లినక్స్ ఇంకా రాలేదు. అద్దమంతా నలుపు. ఆమె తన ముఖాన్నే అందులో చూసుకుంటూ కూతుర్ని అడిగింది.

"అది పడుకుంది, ఇది లేవలేదు. ఈ మధ్యలో ఎవరుంటారే లోపల?"

"ఎవరూ ఉండరమ్మా. ఖాళీ."

భ్రమరాంబ మీట వదల్లేదు. "ఎవరో ఉంటార్లే" అంది.

ఆమె ఆ మాట అన్నప్పుడు నేను ఆ మధ్యలోనే ఉన్నాను. విన్నాను.